మోర్స్ నేర్చుకుంటే స్పేస్ స్టేషన్‌తో మాట్లాడొచ్చా?

పోయిన చలికాలం ఒక ఆదివారం తెల్లారగట్ల పదకొండు మంది పిల్లల్ని వెంటేసుకుని మా నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కాను. నా చేతిలో ఐదు వాట్ల హ్యాండ్‌సెట్టు. ఒక పిల్లాడి భుజం మీద యాంటెన్నా. పీవీసీ పైపుకు స్టీలు ఇంచ్ టేపు ముక్కలు క్లాంపులతో బిగించి మా షాపులోనే చేశాం. మెట్ల దగ్గర కూర్చున్న పెద్దాయన దాన్ని చూసి "కేబుల్ టీవీదా బిడ్డా?" అన్నాడు. "కాదు తాతా, మన మీదికెల్లి స్పేస్ స్టేషన్ పోతది, అది పంపేది ఇందామని" అన్నాను. ఆయన ఒకసారి ఆకాశం వైపు చూసి "మంచిది, ఇనుండ్రి" అని కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

6.48కి రావాలి. 6.48 దాటింది, ఏడైంది, ఏడుంబావు అయింది. సెట్టులో సుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. యాంటెన్నా పట్టుకున్న పిల్లాడికి చెయ్యి గుంజుతోంది. నాకేమో చెమటలు. ఖాళీగా ఉండలేక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "అంకుల్, మోర్స్ కోడు నేర్చుకుంటే స్పేస్ స్టేషన్‌తో మాట్లాడొచ్చా?"

"ముందు నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నాను. మోర్స్ అంటే అక్షరాలను చుక్కలుగా, గీతలుగా పంపే పాత టెలిగ్రాం భాష.

సాయంత్రం షాపులో కూర్చుని టైం చార్టు మళ్లీ తీస్తే అప్పుడు తట్టింది. అందులో ఉన్నది యూటీసీ టైము, అంటే ప్రపంచమంతా ఒకే లెక్కగా పెట్టుకున్న టైము. దానికి ఐదున్నర గంటలు కలిపితేనే మన టైము. అంటే స్టేషన్ నల్లగొండ మీదుగా మధ్యాహ్నం 12.18కి పోయింది. అప్పటికి పిల్లలు ఇళ్లలో ఆదివారం కూర తింటున్నారు. ఇరవై ఏళ్లుగా మోటార్ వైండింగ్ చేస్తున్నవాణ్ణి, కాయిల్‌కు ఎన్ని చుట్లో లెక్క తప్పను. అలాంటిది ఒక కూడిక మర్చిపోయి పదకొండు మంది పిల్లల్ని చలిలో నిలబెట్టాను. అయినా ఆ పొరపాటు నన్నంత బాధించలేదు. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మనసులో మెదులుతూ ఉండిపోయింది. అది జవాబు కాదు, తప్పించుకోవడం. అసలు జవాబు నాకు తెలుసు: మాట్లాడలేవు. స్పేస్ స్టేషన్‌తో మాట్లాడటానికి మోర్స్ అక్కర్లేదు.

అప్పటికి మూడు వారాలుగా ఆ పిల్లలకు నేను మోర్స్ నేర్పుతున్నాను. ఆశ పుట్టించడానికి వ్యోమగాముల కథలు చెప్పాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, కానీ ఆ కథలనూ మోర్స్‌నూ పక్కపక్కన పెట్టి, రెంటికీ ముడి ఉందని వాళ్లే అనుకునేలా చేశాను. మన హ్యామ్‌లందరికీ ఉన్న జబ్బే ఇది. అందుకే ఈ వ్యాసం. (హ్యామ్ అంటే లైసెన్సు తీసుకుని, సంపాదన కోసం కాక సరదాగా సొంత రేడియో సెట్టులో మాట్లాడేవాడు.)

ముందు ఆ వ్యోమగాముల సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే అది నిజంగానే బాగుంటుంది. 1983 నవంబర్ 28న కొలంబియా స్పేస్ షటిల్ ఎక్కి వెళ్లిన ఓవెన్ గ్యారియట్ తన వెంట చేతిలో పట్టే చిన్న రేడియో సెట్టు తీసుకెళ్లాడు. ఆయన హ్యామ్, కాల్ సైన్ (లైసెన్సుతో పాటు ఇచ్చే రేడియో పేరు) డబ్ల్యూ5ఎల్ఎఫ్ఎల్. డ్యూటీ లేని గంటల్లో దాంతో కింద ఉన్న హ్యామ్‌లతో మాట్లాడాడు. అంతరిక్షం నుంచి హ్యామ్ రేడియోలో మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఆయనతో మాట్లాడిన వాళ్లలో జోర్డాన్ రాజు హుస్సేన్ ఉన్నాడు. ఆయన కాల్ సైన్ జేవై1. ఆయనతో పాటు పేరూ ఊరూ ఎవరికీ తెలియని మామూలు హ్యామ్‌లూ ఉన్నారు. అదే ఫ్రీక్వెన్సీ, అదే వరస. రాజుకు వేరే లైను లేదు. పాతికేళ్ల తర్వాత, 2008లో, ఆయన కొడుకు రిచర్డ్ గ్యారియట్ స్పేస్ స్టేషన్‌కు వెళ్లి అక్కడి నుంచి అదే పని చేశాడు.

కల్పనా చావ్లాకూ హ్యామ్ లైసెన్సు ఉండేది: కేడీ5ఈఎస్ఐ. సునీతా విలియమ్స్‌ది కేడీ5పీఎల్‌బీ. గ్యారియట్ రేడియో పట్టుకుని వెళ్లిన ఆ కొలంబియాయే 2003 ఫిబ్రవరి 1న కల్పనతో సహా ఏడుగురిని తీసుకుని తిరిగి వస్తూ ఆకాశంలో ముక్కలైంది. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు.

సోవియట్ వాళ్ల కథ ఇంకా విచిత్రం. 1991 మే నెలలో సోవియట్ యూనియన్ పంపగా మీర్ స్టేషన్‌కు పోయిన సెర్గీ క్రికాల్యోవ్ 1992 మార్చిలో దిగేసరికి కింద ఆ దేశమే లేదు. పైన ఉన్నన్నాళ్లూ ఆయన దగ్గర హ్యామ్ సెట్టు ఉంది. సర్కారు మారిందా, జెండా మారిందా అన్నదాంతో పని లేకుండా భూమ్మీద మామూలు మనుషులతో మాట్లాడుకునే దారి అది.

స్పేస్ స్టేషన్‌లో మొదటి బృందం ఉన్నప్పటి నుంచే, అంటే 2000 నుంచే, హ్యామ్ సెట్టు ఉంది. ఇప్పటికి వెయ్యికి పైగా బడులు, సంస్థలు దాని ద్వారా వ్యోమగాములతో మాట్లాడాయి. 2025 జూలై 4న బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం నుంచి విద్యార్థులు శుభాంశు శుక్లాతో మాట్లాడింది కూడా హ్యామ్ రేడియోలోనే. పేపర్లో ఆ ఫొటో చూసే మా దోస్తు, గవర్నమెంటు హైస్కూల్ సైన్సు సారు, "అన్నా, మన పిల్లలకు కూడా ఏమన్నా చేద్దాం" అని నా షాపుకొచ్చాడు. అలా మొదలైంది ఇదంతా.

స్టేషన్ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. నెత్తిమీద ఉన్నప్పుడు అది మనకు నల్లగొండ నుంచి హైదరాబాదుకు నాలుగుసార్లు పోయినంత దూరంలోనే ఉంటుందన్నమాట. కానీ ఆ హైదరాబాదు దూరాన్ని పదమూడు సెకన్లలో దాటేస్తుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి పది నిమిషాలు, అంతే. అంత వేగంగా మన వైపు వస్తుంది కాబట్టి దాని ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కువగా వినిపిస్తుంది, పోయేటప్పుడు తక్కువగా. రైలు మనల్ని దాటేటప్పుడు కూత మారినట్టే. స్టేషన్ పంపేది 145.800 మెగాహెర్ట్జ్‌లో. వచ్చేటప్పుడు కొంచెం పైన పెట్టుకుని, నెత్తిమీదికొచ్చాక నడిమికి తెచ్చి, పోయేటప్పుడు కొంచెం కిందికి తిప్పాలి. మధ్యలో ఇంటర్నెట్ లేదు, కంపెనీ లేదు, రీచార్జ్ లేదు. ఇంచ్ టేపు ముక్కకూ ఆ స్టేషన్‌కూ మధ్య ఉన్నది గాలి, ఆ తర్వాత గాలి కూడా లేదు.

ఇంత చెప్పాను కదా, ఇందులో మోర్స్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. గ్యారియట్ మాట్లాడింది నోటితోనే. స్టేషన్ నుంచి వచ్చేది ఎఫ్ఎం మాట, లేదంటే డేటా, అప్పుడప్పుడు బొమ్మలు. అమెరికాలో 1991 నుంచే మోర్స్ రాకున్నా టెక్నీషియన్ అనే హ్యామ్ లైసెన్సు ఇస్తున్నారు. 2003లో మోర్స్ రావాలన్న నిబంధనే అంతర్జాతీయంగా ఐచ్ఛికమైపోయింది, 2007లో అమెరికా మొత్తానికే తీసేసింది. ఓడలు 1999లో మోర్స్‌కు దండం పెట్టాయి. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రామే ఆగిపోయింది. "అన్నా, చచ్చిపోయినదానికి పిల్లలతో ఎందుకు పిండం పెట్టిస్తవ్?" అని మా సైన్సు సారు అడిగితే నాకు కోపం రాలేదు. న్యాయమైన ప్రశ్న.

దానికి హ్యామ్‌లు చెప్పే రెడీమేడ్ జవాబు ఒకటుంది: అన్నీ కూలిపోయినప్పుడు మోర్సే నిలబడుతుంది. నేనూ చాలా ఏళ్లు ఇదే చెప్పాను. ఇప్పుడు చెప్పడం మానేశాను, ఎందుకో చెప్తాను.

మనవాళ్లందరూ గొప్పగా చెప్పుకునేది 2004 సునామీ. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ ఆ డిసెంబర్‌లో తన బృందంతో అండమాన్‌లో ఉన్నారు. దూరదూరాల హ్యామ్‌లతో మాట్లాడే సరదా పని మీద వెళ్లారు. 26న పొద్దున సముద్రం మీద పడింది. ఫోన్లు పోయాయి. వాళ్ల సెట్టు పోలేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫలానావాళ్లు క్షేమం, ఫలానావాళ్ల జాడ లేదు అనే కబుర్లు ఆ హ్యామ్‌ల సెట్ల మీదే ఇవతలికి వచ్చాయి. ఒక ఆడమనిషి అంత పని చేసిందని మన బడి పుస్తకాల్లో ఒక పేజీ ఉండాలి. కానీ అక్కడ పనికొచ్చింది రేడియో, దాన్ని వాడటం తెలిసిన మనిషి, ఆమె నిబ్బరం. దాన్ని మోర్స్ ఖాతాలో రాసుకుంటే దొంగ లెక్క అవుతుంది.

రెండో జవాబు లెక్కల జవాబు. ఇది మొదటిదానికన్నా గట్టిది. ఎస్ఎస్‌బీలో (హ్యామ్‌లు దూరాలకు మాట పంపే పద్ధతి ఇది) మాట పంపడానికి సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. నింపాదిగా పంపే మోర్స్‌కు 100, 150 చాలు. కాలువ ఎంత వెడల్పుంటే అంత చెత్త కొట్టుకొస్తుంది. ఇరుకు కాలువలో చెత్త తక్కువ, అందుకే మాట అందని చోటికి అదే పవరుతో చుక్కా గీతా అందుతాయి. ఈ లెక్క తెలుసు కాబట్టే అపోలో కమాండ్ మాడ్యూల్ రేడియోలో ఎమర్జెన్సీ కీ అని ఒక ఏర్పాటు పెట్టారు. మాట పోయేంత బలం సిగ్నల్‌కు లేకపోతే, వ్యోమగామి బటన్ నొక్కుతూ వదులుతూ మోర్స్‌లో కబురు పంపొచ్చు. చంద్రుడి దాకా పోయే నౌకలో, అంత ఖర్చు పెట్టి, ఆఖరి ఆసరాగా పెట్టుకున్నది తార్ (టెలిగ్రాం) ఆఫీసు విద్య. దాని అవసరం పడలేదనుకోండి.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నేవీ వాళ్ల వీఎల్ఎఫ్ స్టేషన్‌కు 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. తిరునల్వేలి తర్వాత దేశంలో అది రెండోది. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు పంపాలంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే వీఎల్ఎఫ్, కావాలి. అక్కడ వెడల్పు అసలే ఉండదు, కాబట్టి మాట పట్టదు, నెమ్మదిగా పోయే అక్షరాలే పడతాయి. అక్కడ వాడేది మోర్స్ కాదు, కానీ సూత్రం ఇదే: ఇరుగ్గా, నెమ్మదిగా పంపితే మాట అందని చోటికీ కబురు అందుతుంది. (ఆ అడవిలో చెట్లు కొట్టడం గురించి నాకు బాధ ఉంది. అది ఇంకో వ్యాసం.)

అయితే ఈ లెక్కల జవాబుకు కూడా 2017లో కాలం చెల్లింది. ఆ ఏడాది ఎఫ్‌టీ8 అనే పద్ధతి వచ్చింది. తయారు చేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, 1993లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న హ్యామ్. కంప్యూటర్‌ను సెట్టుకు తగిలిస్తే పదిహేను సెకన్లకు ఒక చిన్న మెసేజ్ చొప్పున పంపుతుంది, తీసుకుంటుంది. చెవికి అసలు అక్కడేమీ లేదనిపించే సిగ్నల్‌ను కూడా చదివేస్తుంది. మోర్స్ ఓడిపోయిన చోట ఇది గెలుస్తుంది. నేనే నా షాపు మీద కట్టిన వైరు యాంటెన్నాతో రాత్రి ఎఫ్‌టీ8 పెట్టి అన్నం తినడానికి పోయాను, వచ్చేసరికి స్క్రీన్ మీద బ్రెజిల్ ఉంది. నేను చేసిందేమిటి? పప్పన్నం తిన్నాను.

కాబట్టి ఆపదలో ఆదుకుంటుందనీ, అందరికన్నా దూరం పోతుందనీ, వ్యోమగాములు వాడతారనీ పిల్లలకు మోర్స్ అమ్మకూడదు. మూడూ నిలబడవు. అయినా నేర్పుతాను. ఎందుకంటే మా చిన్నాయిన వల్ల.

మా చిన్నాయిన మిర్యాలగూడలో, సూర్యాపేటలో, ఇంకా చాలాచోట్ల తార్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఎనభై దాటింది, చెవి మందం. నేను హ్యామ్ పరీక్షకు చదువుతున్నప్పుడు (నేను రాసిన గ్రేడులో నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రాయాల్సి, పంపాల్సి ఉండేది) ఆయన్ను షాపుకు పిలిపించుకున్నాను. హ్యాక్సా బ్లేడు ముక్కను చెక్కకు బిగించి, కింద ఒక బోల్టు పెట్టి కీ చేశాను. దానికి చిన్న బజర్. గొప్పగా నొక్కి వినిపించాను. కుయ్, కుయ్య్, కుయ్.

ఆయన మొహం చిట్లించాడు. "గీ కూతేందిరా? నాకేం సమజైతలేదు."

నాకు నీరసం వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా తార్ ఆఫీసులో చేసిన మనిషి, చుక్కకూ గీతకూ తేడా తెలియడం లేదంటే వయసనుకున్నాను. ఆయన కాసేపు బ్లేడు వైపే చూసి, "కూత తీసెయ్. ఉత్తగ కొట్టు" అన్నాడు. బజర్ వైరు పీకేశాను. నొక్కితే బ్లేడు బోల్టుకు తగిలి టక్, వదిలితే వెనక్కి లేచి టిక్. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ పొట్టిగా ఉంటే చుక్క, పొడుగ్గా ఉంటే గీత. వాళ్ల ఆఫీసుల్లో తార్ అందుకునే మిషను, సౌండర్, చేసే పని ఇదే. అందులో కూత ఉండదు. ఆయన జీవితమంతా విన్నది చప్పుడును కాదు, రెండు చప్పుళ్ల మధ్య ఉన్న నిశ్శబ్దం పొడుగును.

నేను కొట్టడం మొదలుపెట్టాను. చిన్నాయిన బిల్ బుక్కు తిరగేసి నా చెవి మీది పెన్సిల్ లాక్కుని, బ్లేడు వైపు చూడకుండా, బయట రోడ్డు మీద పోయే ఆటోల వైపు చూస్తూ రాస్తూ పోయాడు. నేను కొట్టింది ఇంగ్లిషు అక్షరాల్లో నల్లగొండ అని. చివరి అక్షరం పూర్తి కాకముందే కాగితం నా ముందు పెట్టాడు. సరిగ్గా ఉంది.

"నడిమిట్ల 'జీ' తప్పు కొట్టినవ్" అన్నాడు. "గీత, గీత, చుక్క గావాలె. ఆఖరి చుక్క గుంజినవ్. అది 'ఓ' అయింది."

"మరి నువ్వు 'జీ' అనే రాసినవు గదా?"

"నువ్వు తప్పు కొడితే నేను తప్పు రాయాల్నా? నల్లగొండని నాకు తెల్వదా?"

ఆ మాట తర్వాత నేను మోర్స్ గురించి ఆలోచించే పద్ధతే మారిపోయింది. ఎఫ్‌టీ8లో కూడా తప్పులు దిద్దే లెక్క ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ అది నల్లగొండను ఎరగదు. చిన్నాయిన నా చెయ్యి వణుకును విన్నాడు, నేనేం చెప్పబోయానో ఊహించాడు, తప్పును తప్పని గుర్తుపెట్టుకుంటూనే సరైంది రాశాడు, తర్వాత నాకు చెప్పాడు. ఇదంతా ఒక అక్షరం పట్టేంత సమయంలో. అవతలి ఊళ్లో కీ మీద కూర్చున్నది ఎవరో కొట్టే తీరును బట్టే తెలిసిపోయేదట. "సూర్యాపేట్లో ఒకాయన ఉండె, ఇంట్ల లొల్లి అయిన రోజు గీతలు పొడుగు కొడుతుండె" అని నవ్వాడు. హ్యామ్‌లు దీన్ని ఫిస్ట్ అంటారు. చేతిరాత అన్నా సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. పెళ్లి శుభాకాంక్షలు, పండుగ శుభాకాంక్షలు టెలిగ్రాంలో మొత్తం కొట్టేవాళ్లు కాదు. ఒక్కో వాక్యానికి ఒక నంబరు. నంబరు కొడితే అవతల ఆఫీసులో వాక్యం రాసుకునేవాళ్లు. హ్యామ్‌లు మాట ముగించేటప్పుడు 73 అని కొడతారు, శుభాకాంక్షలు అని అర్థం. అదీ తార్ ఆఫీసుల నుంచి వచ్చిన అలవాటే. నేను 73 అంటే ఏమిటో ఆయనకు చెప్పబోతే, "గది మాకు జెప్తవా?" అన్నాడు.

వ్యోమగాములకూ మోర్స్‌కూ ముడి లేదన్నాను గానీ, అంతరిక్షానికీ మోర్స్‌కూ లేకపోలేదు. అసలు ముడి ఇక్కడ ఉంది. 1957లో మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్ బీప్‌లను ప్రపంచమంతా హ్యామ్‌లు తమ సెట్లలో విన్నారు. నాలుగేళ్లకు, 1961 డిసెంబర్ 12న, కాలిఫోర్నియాలోని హ్యామ్‌లు సొంతంగా చేసిన ఆస్కార్ 1 అనే ఉపగ్రహం ఇంకో పెద్ద ఉపగ్రహం రాకెట్టులో తోడుగా పైకి పోయింది. అయిదు కిలోలు కూడా లేదు. సెట్టు పవరు వాటులో ఏడో వంతు. సుమారు మూడు వారాలు అది ఒకటే మాట పంపింది, మోర్స్‌లో: హెచ్, ఐ. నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. హాయ్ అన్నమాట. మోర్స్ హ్యామ్‌లకు అది పలకరింపు కన్నా నవ్వు. హహ్హ అన్నట్టు.

ఇక్కడే ఉంది చమత్కారం. లోపల వేడి మారితే ఆ నవ్వు వేగం మారేది. కింద ఉన్నవాళ్లు గడియారం పట్టుకుని పది నవ్వులకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, ఉపగ్రహం కడుపులో ఎంత వేడి ఉందో చెప్పేవాళ్లు. 28 దేశాల నుంచి 570 మందికి పైగా అలా విని రాసి పంపారు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక రిసీవర్, ఒక గడియారం, రెండు చెవులు. విద్యార్థులు చేసే చిన్న ఉపగ్రహాల్లో కొన్ని ఇప్పటికీ మోర్స్‌లోనే బీకన్, అంటే తమ సంగతి తామే పదే పదే చెప్పే సిగ్నల్, పంపుతాయి. బ్యాటరీ వోల్టేజీ ఎంతో, వేడి ఎంతో చెవితో విని కాగితం మీద రాసుకోవచ్చు. అంతరిక్షంలో ఉన్న ఒక వస్తువు ఆరోగ్యం మధ్యలో ఏ యాప్ లేకుండా ఒక పదో తరగతి పిల్ల చేతిరాతలోకి దిగుతుంది. నేను పిల్లలకు ఈ కథ చెప్పి ఉండాల్సింది. చెప్పింది రాజు హుస్సేన్ కథ.

"అంతా బాగుంది గానీ, కడుపు నిండినోళ్ల సరదా గదన్నా ఇది" అంటాడు మా సారు. నిజమే. దీన్ని పోచంపల్లి నేతకు పక్కన పెట్టి చూడండి. ఇక్కత్ చీరలో నూలును రంగులో ముంచే ముందే ఎక్కడెక్కడ రంగు అంటకూడదో లెక్కపెట్టి అక్కడల్లా రబ్బరు చుట్టి కడతారు. కట్టిన చోట తెలుపు, కట్టని చోట రంగు. అదీ చుక్కా గీతా లెక్కే. అదే డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద ప్రింటు కొట్టి చాలా తక్కువకు అమ్ముతున్నారు. కొన్నిసార్లు ప్రింటు గీత నేత గీతకన్నా నున్నగా ఉంటుంది కూడా. నేతన్నకు అది బతుకు మీద దెబ్బ. మోర్స్ పోతే నా పొయ్యి ఆరదు, మోటార్లు కాలుతూనే ఉంటాయి, నేను చుడుతూనే ఉంటాను. కాబట్టి ఆ రెండు బాధలనూ ఒకే తక్కెడలో పెట్టను. కానీ ప్రింటు నున్నగా వచ్చింది కాబట్టి నేత నేర్చుకోవడం దండగ అని ఎవరైనా అంటే, ఆ మనిషి చీర గురించి మాట్లాడుతున్నాడు, చెయ్యి గురించి కాదు. ఎఫ్‌టీ8 పెట్టిన రాత్రి బ్రెజిల్ నా కంప్యూటర్‌కు అందింది. నాకు అందలేదు.

నాకు అందిన రాత్రి వేరే ఉంది. 7 మెగాహెర్ట్జ్‌లో, ఐదు వాట్లు, అదే హ్యాక్సా బ్లేడు కీ. మా చుట్టుపక్కల ఆ బ్యాండు ఎట్లా ఉంటుందంటే, ఎల్ఈడీ బల్బుల గరగర ఒక పక్క, వదులైన కరెంటు వైర్ల చిటపట ఒక పక్క, బోరు మోటార్ల స్టార్టర్లు పడ్డప్పుడల్లా ఠప్‌మని ఒకటి. (ఆ మోటార్లలో సగం నేను చుట్టినవే. ఎవరి మీద అరవను?) ఆ గోల అడుగున సన్నగా ఒక కూత. శ్రీలంక నుంచి ఒకాయన. నా ఊరి పేరు పంపాను. మళ్లీ పంపమన్నాడు. మళ్లీ పంపాను. ఇంకోసారి అడిగాడు. మూడోసారి 'జీ' దగ్గర చిన్నాయిన గుర్తొచ్చి చుక్కను చుక్కలా కొట్టాను. ఆయన నా ఊరి పేరు అక్షరం అక్షరం తిరిగి పంపాడు, నల్లగొండ అని. పేర్లు, ఊర్లు, సిగ్నల్ ఎట్లుంది, 73. పన్నెండు నిమిషాల్లో మేం మాట్లాడుకున్నది ఒక వాట్సాప్ మెసేజ్ అంత కూడా లేదు. ఆ పన్నెండు నిమిషాలూ ఇద్దరం ఇంకో పని ఏదీ చేయలేకపోయాం. అవతలివాడు ఎప్పుడు తడబడ్డాడో, ఎప్పుడు నవ్వాడో నాకు తెలుసు. ఫోనులో అరగంట మాట్లాడి కూడా అవతలివాళ్లు ఏమన్నారో గుర్తుండని రోజులు నాకు చాలా ఉన్నాయి.

మోర్స్‌ను సిలబస్‌లో పెట్టమని నేను అడగడం లేదు, పెడితే అది కూడా పదహారు మార్కుల ప్రశ్న అయిపోతుంది. బడికి ఒక రిసీవర్, ఒక బజర్, వారానికి ఒక గంట, ఇష్టమున్న పిల్లలకు. చుక్కలు గీతల చార్టు గోడకు అంటించొద్దు. కళ్లతో నేర్చుకున్నవాడు విన్నప్పుడల్లా మనసులో చార్టు వెతుక్కుంటాడు, ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అక్షరాన్ని పాటలో ముక్కలా చెవికి ఎక్కించుకోవాలి.

సంక్రాంతి తర్వాత మళ్లీ గుట్ట ఎక్కాం. ఈసారి టైముకు ఐదున్నర కలిపి, సైన్సు సారుతో ఒకసారి, మా ఆవిడతో ఒకసారి చూపించుకున్నాను. పిల్లలు పదకొండు మందిలో ఏడుగురే వచ్చారు. సరిగ్గా నిమిషానికి సెట్టులో సుయ్ ఆగిపోయి కీచుకీచుమని బొమ్మ పంపే చప్పుడు మొదలైంది. ఫోనులో బొమ్మ గీత తర్వాత గీతగా దిగుతుంటే పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. యాంటెన్నా పట్టినవాడు కూడా చూడ్డానికి వంగాడు, దాంతో కింది సగం మంచు కురిసినట్టు వచ్చింది.

దిగేటప్పుడు ఆ అమ్మాయికి చెప్పాను. మోర్స్‌తో స్పేస్ స్టేషన్‌తో మాట్లాడలేవు, ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేదు అని. ఆమె నాలుగు మెట్లు దిగి, "మరి దేనికి అంకుల్?" అంది. ఆస్కార్ నవ్వు గురించి చెప్పాను. గడియారం సంగతి వచ్చేసరికి ఆగి, "మనం ఇప్పుడు ఇనొచ్చా?" అంది. ఆ ఉపగ్రహం 1962లోనే కాలిపోయిందంటే మొహం చిన్నబుచ్చుకుంది.

ఇప్పుడు ఆదివారాలు నలుగురు వస్తున్నారు. ఆమె కూడా. బజర్ వద్దట, బ్లేడు టకటకే కావాలట. ఎవరు చెప్పారో నాకు తెలుసు. పోయిన వారం స్పీకర్ పెట్టి చిన్నాయినకు ఫోన్లో వినిపించాం. ఇద్దరం చెరొకసారి ఊరి పేరు కొట్టాం. పిల్ల 'జీ' సాఫుగా ఉందట. నాది ఇంకా గుంజుతోందట.